ములక్కాడా, మునక్కాయా?

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ములక్కాడ, ములగాకు అనే అంటున్నాం. మా మనవడు హైదరాబాదులో నాలుగో తరగతి. ఇష్టమైన కూర గురించి రాయమంటే ‘ములక్కాడ, జీడిపప్పు కూర’ అని రాశాడు. టీచరు ఎర్రసిరాతో కొట్టేసి ‘మునగకాయ’ అని దిద్దారు. మా కోడలిది నల్గొండ, తనూ మునక్కాయ అనే అంటుంది. ‘మునుగు’ అనే మాట నుంచి మునగ వచ్చింది కాబట్టి అదే అసలు రూపమనీ, చెట్టెక్కించి ముంచుతారు కనక ‘మునగచెట్టు ఎక్కించడం’ అనే మాట పుట్టిందనీ మా ఊళ్లో ఒకాయన అన్నారు. ఇన్నాళ్లూ మేం తప్పు మాట్లాడుతున్నామా? మీకు తెలియని మాట ఉండదు కాబట్టి అడుగుతున్నాను.
– ఒక పాఠకురాలు

సమాధానం: తప్పు కాదమ్మా. పిల్లాడు ఇంట్లో విన్నది విన్నట్టు, సరిగ్గా రాశాడు. ములగ, మునగ రెండూ అచ్చతెలుగు మాటలే. పాఠ్యపుస్తకాల్లోకీ పత్రికల్లోకీ మునగ ఎక్కువగా ఎక్కింది, గోదావరి జిల్లాల నాలుక మీద ములగ నిలిచింది. అంతే తేడా.

లకార నకారాలు తెలుగులో ఇరుగుపొరుగు లాంటివి. ఒకసారి ‘ల’, ‘న’ అని నెమ్మదిగా పలికి చూడండి. రెండింటికీ నాలుక కొన పైపళ్ల వెనక దాదాపు ఒకేచోట ఆనుతుంది. గాలి ముక్కులోంచి పోతే న, నాలుక పక్కల నుంచి జారితే ల. అందుకే ఒకటి పలకబోతే రెండోది వస్తూ ఉంటుంది. సంస్కృతంలో లాంగలం అనేదాన్ని మన పొలంలో నాగలి అంటాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో ‘లేదు’ని ‘నేదు’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఊళ్ల పేర్లలో కూడా ఈ జంట కనిపిస్తుంది. అనకాపల్లి జిల్లాలో మునగపాక ఉంది, విశాఖలో ములగాడ ఉంది. ఆ ఊళ్లకు పేరు ఈ చెట్టు వల్లే వచ్చిందని నేను పూచీ పడను. ఊరి పేరు చూసి చెట్టును ఊహించుకోవడం మనకున్న పాత సరదా.

‘మునుగు’ సంగతి. వినడానికి బాగుంది గానీ నిలబడదు. పక్క భాషలను అడిగితే తేలిపోతుంది. ఈ చెట్టుని తమిళులు మురుంగై అంటారు, మలయాళంలో మురింగ, తుళులో నుర్గె, కన్నడంలో నుగ్గె. నీట మునగడాన్ని మాత్రం కన్నడిగులు ముళుగు అంటారు, తమిళులు మూళ్గు అంటారు. ఈ తమిళ మాటలోని ళకారం మన ‘కళ్లు’లోది కాదు, ‘తమిళ్’ అనే మాట చివర వాళ్లు ప్రత్యేకంగా పలికేది. చెట్టు పేరులో రేఫ, మునిగే మాటలో ఆ ళకారం. రెండూ వేరు వేరు ఇళ్లు. తెలుగులోకి వచ్చేసరికి రెండింటికీ ఒకే పోలిక వచ్చింది, కాబట్టి మీ ఊరి పెద్దాయన చుట్టరికం కలిపారు.

ఆ మురుంగై, మురింగల నుంచే వృక్షశాస్త్రం వాళ్ల ‘మొరింగా’ పుట్టింది. 1785లో లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీనికి మొరింగా ఒలీఫెరా అని పేరు పెట్టాడు. ఒలీఫెరా అంటే నూనెనిచ్చేది, గింజల్లో నూనె ఉంటుంది కాబట్టి. ఇప్పుడు అదే మాట డబ్బా మీదెక్కి ‘మొరింగా పౌడర్’గా సూపర్‌మార్కెట్‌కొచ్చింది. పెరట్లో ములగచెట్టున్నవాళ్లే అది కొనుక్కెళ్లడం చూశాను. అందులో ఉన్నది ఎండబెట్టిన ములగాకేనని చెబితే ఒకావిడ నన్ను అనుమానంగా చూసింది.

ఇక ములక్కాడ. ఇందులో ఉన్నది ములగ, కాడ. గబగబా పలికేటప్పుడు ‘గ’లోని అకారం జారిపోతుంది, మిగిలిన గ్ పక్కనున్న ‘కా’ని చూసి క్ అయిపోతుంది. మునగకాయ మునక్కాయ అయిందీ అలాగే. చెరుకుగడని చెరుగ్గడ అన్నప్పుడు జరిగేది దీనికి అద్దంలో బొమ్మ, అక్కడ క్ వెళ్లి గ్ అయింది. వంగకాయ అయితే ఏకంగా గకారాన్నే మింగేసి వంకాయ అయి కూర్చుంది, దాన్ని ఏ టీచరూ దిద్దరు. ఆకు దగ్గరికి వచ్చేసరికి తరవాత అచ్చు ఉంది కాబట్టి గకారానికి ఏ ఇబ్బందీ లేదు, ములగాకు అని హాయిగా నిలిచింది.

కాయని కాడ అనడం ఏమిటని మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. శాస్త్రం ప్రకారం అది కాయే. ఎండితే మూడు పలకలుగా విచ్చుకుంటుంది, లోపల గింజకీ మూడు రెక్కలుంటాయి. కానీ వంటింట్లో దాన్ని చూసే చూపు వేరు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పీచు తీసి వేలెడు ముక్కలు కోసి పులుసులోనో దప్పళంలోనో వేస్తారు, పళ్ల మధ్య పెట్టి లాగి పిప్పి పక్కన పెడతారు. ఉల్లికాడ, తోటకూర కాడ ఏ వరసో ఇదీ ఆ వరసే. కాయ అన్నవాడు చెట్టుని చూశాడు, కాడ అన్నవాడు కంచాన్ని చూశాడు.

మీవైపు నిజంగా దిద్దాల్సిన తప్పు ఇంకొకటుంది. ములక్కాడలో ‘క్క’ వినపడుతోంది కదా అని చెట్టు పేరు ‘ములక’ అనుకుని, ములకాకు, ములకచెట్టు అని రాస్తున్నారు. ములక వేరే మొక్క. వంగ జాతిది, ఒళ్లంతా ముళ్లు. నేలములక అంటారే, సంస్కృతంలో కంటకారి, అది. ఆయుర్వేదంలో దశమూలాల లెక్కలోకి వచ్చేది కంటకారి వేరు. ములగ సంస్కృతంలో శిగ్రువు. అమరకోశం దీనికి శోభాంజనం, తీక్ష్ణగంధకం అనే పేర్లు కూడా ఇచ్చింది, ఎర్రపూల రకాన్ని మధుశిగ్రువు అంది. హిందీవాళ్ల సహిజన్ ఆ శోభాంజనం నుంచి వచ్చిందే. ములగ వేరు నలిపి వాసన చూస్తే ఆవాల ఘాటు ముక్కుకి తగులుతుంది, తీక్ష్ణగంధకం అనే పేరు ఊరికే పెట్టలేదు. కూరలో గకారం కకారమైతే ఎవరికీ ఏమీ కాదు. మందు చీటీలో ‘ములగ వేరు’ బదులు ‘ములక వేరు’ అని పడితే మాత్రం కొట్టువాడు ఇంకో మొక్క వేరు పొట్లం కడతాడు. పైగా ములగ వేరు, బెరడు గర్భిణులకు మంచివి కావు. ఆషాఢంలో తెలగపిండి వేసి వండుకునే ములగాకు కూరతో వాటిని ఒక గాట కట్టకూడదు.

మునగచెట్టు ఎక్కించడంలో ఉన్నది ముంచడం కాదు, పడెయ్యడం. చిన్నప్పుడు మా పెరట్లో నూతి పక్కన ములగచెట్టు ఉండేది. కాడలు కోయడానికి దోటి తగిలించి లాగితే కాడ కంటే ముందు కొమ్మ ఊడి నెత్తిన పడేది. విరిగిన చోట చూస్తే చేవ లేదు, బెండులా తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఆ కొమ్మనే తీసుకెళ్లి దొడ్డి మూల పాతితే మళ్లీ చిగురించేది, అది వేరే సంగతి. మామిడి, చింత ఎక్కిన పిల్లలని ఎవరూ ఏమనేవారు కాదు గానీ ములగచెట్టు మీద చెయ్యి వేస్తే మా మామ్మ కేకలేసేది. అలాంటి చెట్టు మీదికి ‘నువ్వు ఎక్కగలవు, నీకన్నా ఎవరున్నారు’ అని ఒకణ్ణి ఎగదోస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లే ఆ మాట పుట్టించి ఉంటారు.

అందుకే ఆకాశానికెత్తడం, మునగచెట్టు ఎక్కించడం ఒకటి కాదు. మొదటిది మనస్ఫూర్తిగానూ కావచ్చు. రెండోదానిలో ఎక్కించేవాడికి ఏదో పని ఉంటుంది, ఎక్కినవాడికి ఆ సంగతి తెలియదు. ‘మీకు తెలియని మాట ఉండదు’ అని మీరు రాసింది మొదటి రకమే అనుకుంటున్నాను. ఈ మధ్య పత్రికల్లో ‘సన్మాన సభలో వక్తలు ఆయన్ని మునగచెట్టు ఎక్కించారు’ అని మామూలు ప్రశంసకి వాడేస్తున్నారు. ఆ సన్మానం జరిగిన పెద్దమనిషి మాట తెలిసినవాడైతే మర్నాడు ఫోన్ చేసి తగువేసుకోవాలి.