తేనె గది, జాలీ, రాణి

చి. శీనుకి,

పెదనాన్న ఆశీస్సులు. పొద్దుతిరుగుడు చేల పక్కకి తేనెటీగల పెట్టెలు చేర్చానని, ఎనిమిది ఫ్రేముల (పట్టు కట్టే చట్రాల) మీద ఈగలున్నాయని, పైన పెట్టే తేనె గదీ, రాణిని పైకి రానివ్వని జాలీ, అదే క్వీన్ ఎక్స్‌క్లూడరూ, ఒకేసారి పెట్టానని రాశావు. తేనె గది ఉండనీ. జాలీ మాత్రం రేపు పొద్దున్నే తీసెయ్.

తేనె గదిలోని కొత్త మైనపు షీట్ల మీదకి ఈగలు అంత తేలిగ్గా ఎక్కవు. మధ్యలో జాలీ కూడా అడ్డుంటే తెచ్చిన మకరందమంతా రాణి గుడ్లు పెట్టే కింది పిల్ల గదిలోనే దించేస్తాయి. అక్కడ రాణికి ఎంత చోటు కావాలో లెక్క వేసి చూడు. మంచి పూతలో ఇటాలియన్ జాతి రాణి రోజుకి 1,500 గుడ్లు పెట్టగలదు. గుడ్డు పని చేసే కూలి ఈగై బయటికి రావడానికి 21 రోజులు. అంటే పట్టులోని చిన్న గదులు ముప్పై వేల పైచిలుకు పిల్లలకే కావాలి. ఫ్రేముకి రెండు వైపులా కలిపి ఆరేడు వేల గదులుంటాయి కనుక ఐదు ఫ్రేములు పిల్లలతోనే సరి. మిగతా వాటిలో పుప్పొడీ తేనే పోను, రాణి గుడ్డు పెట్టాల్సిన గదిలో కూడా మకరందం పడిందా, తేనెపట్టు కింది అంచున వేరుశనగ కాయల్లా కొత్త రాణిని పెంచే గదులు వేలాడతాయి. ఆ తర్వాత పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని లేచిపోతుంది.

నాలుగైదు ఫ్రేముల ఈగలే ఉన్న పెట్టెకి మాత్రం పై గది వద్దు. అవి కాపలా కాయలేని పట్టులో మైనపు పురుగు చేరుతుంది.

పైన షీట్లు పట్టుగా లేచి, గదుల్లో పచ్చి మకరందం మెరుస్తుంటే అప్పుడు జాలీ వెయ్యి. రాణి కింద ఉందని కళ్ళారా చూసుకో. కనపడకపోతే పై ఫ్రేముల ఈగలన్నిటినీ పిల్ల గదిలోకి దులిపి, జాలీ వేసి, పై గది మళ్ళీ పెట్టు. ఐదో రోజున పై ఫ్రేము ఒకటి తీసి, ఎండ నీ భుజం మీదుగా పడేలా పట్టుకుని గదుల అడుగు చూడు. గుడ్డు మూడు రోజులకే పురుగవుతుంది కనుక ఇప్పటికీ సన్నటి తెల్లని గుడ్లు కనిపిస్తే రాణి పైనే ఉంది. దాన్ని దింపితే చాలు, పైనున్న పిల్లలు పుట్టి వెళ్ళాక అవే గదుల్లో తేనె నింపుతాయి. పైన పుట్టిన పోతు ఈగలు జాలీ దాటలేక తీగల మధ్య ఇరుక్కుని చస్తాయి, దారి మూసుకుపోతుంది. అప్పుడప్పుడూ సాయంత్రం పూట మూత తీసి వాటిని బయటికి పోనివ్వు.

జాలీ కొనేటప్పుడు వెలుతురుకి ఎత్తి చూడు. ఒక్క తీగ వంగినా రాణి దూరుతుంది. మన్యంలో పెంచే దేశవాళీ ఈగకి ఇది పనికిరాదు, ఆ రాణి చిన్నది.

ఫ్రేములో ముప్పావు వంతు గదులకి మైనం మూత పడ్డాకే తేనె తియ్యి. పూత అయిపోగానే జాలీ, పై గదీ రెండూ దింపేసి, కింద రెండు ఫ్రేముల తేనె వాటికే వదిలెయ్.

పెదనాన్న