లిమిట్ ఉందని ధైర్యపడకండమ్మా

ప్రశ్న: మాది శ్రీకాకుళం. పెళ్లయి ఏడాదిన్నర. మా ఆయన పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో చేస్తారు. చేతికి 34,000 వస్తాయి, ఓటీ (ఓవర్‌టైమ్) దొరికితే ఇంకో 2,500. దసరాకి బోనస్ 15,000. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, 13,000 ఇస్తారు. మే నెలలో జీతం ఉండదు. అద్దె 7,500. బండి వాయిదా 4,200, ఇంకా 14 నెలలుంది. ఫోన్ వాయిదా 2,900, ఇంకా 7 నెలలు. మొదటి పెళ్లిరోజుకి మున్నార్ వెళ్లడానికి, ఇంట్లోకి ఫ్రిజ్, సోఫా కొనడానికి 2 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాం. దాని వాయిదా 7,030, ఇంకా 25 నెలలు కట్టాలి. అత్తమామలకు 5,000 పంపుతాం. బ్యాంకులో 18,000 ఉన్నాయి. ఇప్పుడు మా ఆయన 3,60,000కి సెకండ్ హ్యాండ్ కారు చూశారు. నా గాజులు కుదువపెట్టి 60,000, మిగతా 3 లక్షలు లోన్, వాయిదా 8,350. 'ఏదైనా అవసరం వస్తే క్రెడిట్ కార్డులో లక్షన్నర, లోన్ యాప్‌లో 2 లక్షలు లిమిట్ ఉంది, టెన్షన్ ఎందుకు' అంటున్నారు. ఆదివారం తిరుగుళ్లు మానేస్తే డబ్బు అదే నిలుస్తుందని మా అత్తగారు అంటున్నారు. వచ్చే ఏడాది పిల్లల గురించి కూడా ఆలోచిస్తున్నాం. ఎవరి మాట వినాలి? నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్, నెలకు 2,000తో మొదలుపెట్టమంటారా?

జవాబు: అమ్మా, మీ ఇద్దరికీ విడిగా జవాబు రాసి ఊరుకోవచ్చు. మీ ఆయన అన్న ఒక్క మాట కోసం అందరూ చదివేలా రాస్తున్నాను. 'లిమిట్ ఉంది కదా' అన్న మాట. శ్రీకాకుళం నుంచి వచ్చినా, బొబ్బిలి, రాజాం నుంచి వచ్చినా, కొత్తగా పెళ్లయిన జంటలు ఈమధ్య నా ఎదురుగా కూర్చుని ఇదే చెబుతున్నారు. అత్యవసరానికి చేతిలో ఎంత దాచారని అడిగితే ఫోన్ తీసి లిమిట్ చూపిస్తున్నారు. చూసిన ప్రతిసారీ నాకు గుండె గుభేలుమంటుంది.

ముందు మీ ఆదివారాల సంగతి తేల్చేద్దాం. మీరు ఉత్తరంతో పాటు ఖర్చుల నోటుబుక్కులో ఒక పేజీ ఫొటో తీసి పంపారు. పెట్రోలు 150. అరసవల్లిలో కొబ్బరికాయ 40. కళింగపట్నంలో బజ్జీలు 60, మొక్కజొన్న పొత్తులు 40. తిరిగొస్తూ బిర్యానీ పార్సిల్ 260. మొత్తం 550. పక్కన చిన్న అక్షరాలతో 'వాన, ఒకటే రెయిన్‌కోటు' అని రాసుకున్నారు. పొద్దున్నే సూర్యనారాయణస్వామిని చూసుకుని, సాయంత్రం లైట్‌హౌస్ దగ్గర కాసేపు కూర్చుని ఇంటికి రావడం తప్పేమీ కాదు. వారమంతా ఆయన షిఫ్టులతో, మీరు పిల్లల నోటుపుస్తకాలతో గడిపితే మీ ఇద్దరికీ తీరిగ్గా మాట్లాడుకునే రోజు అదొక్కటే. సినిమాతో కలిపి షికార్లకి నెలకు 4,000 అని లెక్క వేశారు. 47,000 వచ్చే ఇంట్లో అది భారం కాదు. రెండో రెయిన్‌కోటు మాత్రం కొనుక్కోండి.

మీ అత్తగారి భయం నిజమైనదే. డబ్బు నిలవడం లేదని ఆవిడ కనిపెట్టారు. అది ఎక్కడ పోతోందో మాత్రం ఆవిడకు కనిపించలేదు, ఎందుకంటే వాయిదాలు ఎవరికీ కనిపించకుండా ఐదో తారీఖున ఖాతాలోంచి పోతాయి. మూడు వాయిదాలు కలిపి నెలకు 14,130. షికార్లకి మూడింతల కంటే ఎక్కువ. అందులో సగం, మున్నార్‌కీ సోఫాకీ పోతోంది. ఆ 2 లక్షలకి మూడేళ్లలో మీరు కట్టేది 2,53,000. కళింగపట్నం వెళ్లొస్తే సోమవారానికి ఒక్క రూపాయి బాకీ ఉండదు. మున్నార్ వెళ్లొచ్చి ఆరు నెలలు దాటినా ఇంకా 25 వాయిదాలున్నాయి. విహారానికి అప్పు చేయొద్దని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

ఇక లిమిట్ దగ్గరికి వద్దాం. ఆ లిమిట్ మీ డబ్బు కాదు. మీ జీతం చూసి ఎవరో ఇస్తామంటున్న అప్పు. జీతం ఆగితే ఆ మాటా ఆగిపోతుంది. నా దగ్గరికి వచ్చే ఒక విజయనగరం కుర్రాడి కథ చెబుతాను. మంచి ఉద్యోగం, యాప్‌లో మూడు లక్షల లిమిట్. కంపెనీ వాళ్లు ఒక శుక్రవారం పిలిచి లెక్క తేల్చి పంపేశారు. తర్వాతి నెల ఒక వాయిదా తప్పింది. ఆ వారమే యాప్ తెరిస్తే లిమిట్ దగ్గర సున్నా కనిపించింది. అతను నా ఎదురుగా కూర్చుని ఫోన్‌ని కిందికి లాగి వదులుతున్నాడు, మళ్లీ లాగి వదులుతున్నాడు, అంకె మారుతుందేమోనని. చివరికి భార్య నానుతాడు తాకట్టు పెట్టారు.

కార్డు ఉందిగా అంటారా? కార్డు మీద నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ. చాలా కార్డుల్లో అది నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది, అంటే ఏడాదికి 36 నుంచి 45 శాతం. పైన ఫీజు వేరు. ఊళ్లో ధర్మవడ్డీ అని నూటికి రెండు రూపాయలకి ఇచ్చేవాళ్లని చూసి భయపడే మనం, దీన్ని ధైర్యం అనుకోవడం నాకు అర్థం కాదు.

మా ఇంట్లో జరిగింది కూడా చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విజయనగరంలో మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. ఖాతాలో డబ్బుండీ పాల ప్యాకెట్ కొనలేని పరిస్థితి. మా ఆవిడ బియ్యం డబ్బాలో దాచిన నోట్లతో ఆ వారం గడిచింది. అందులో తడిసిన రెండు నోట్లని పొయ్యి పక్కన ఆరబెట్టుకున్నాం. మీ పుట్టిల్లు కవిటి దగ్గరని రాశారు కాబట్టి 2018 తిత్లీ తుఫాను గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఉద్దానంలో తెల్లవారేసరికి కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది, ఇంటి ఖర్చు మాత్రం మర్నాటి నుంచే ఉంటుంది. మన రెండు జిల్లాల వాళ్లకి అత్యవసర నిధి గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతానో ఆ తోటలు చూసినవాళ్లకి తెలుస్తుంది.

మీకు తుఫానే రానక్కర్లేదు. మే నెల ప్రతి ఏడాదీ వస్తుంది, ఆ నెల మీకు 13,000 తగ్గుతుంది. ప్లాంటు షట్‌డౌన్ పెడితే ఓటీ ఉండదు. పిల్లల గురించి ఆలోచిస్తున్నామన్నారు, చాలా సంతోషం. ప్రసూతి సెలవుకి చట్టంలో 26 వారాల జీతం ఉంది, కానీ మీ స్కూల్లో అది ఇస్తారా లేదా అన్నది ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఇవ్వకపోతే కనీసం ఆరు నెలలు ఒక్క జీతంతో గడవాలి, ఖర్చేమో పెరుగుతుంది. ఈ మూడూ మీకు ముందే తెలిసినవి. తెలియకుండా వచ్చేవాటి లెక్క వేరే.

ఇప్పుడు అంకెలు. అద్దె 7,500, ఇంటి సరుకులు 9,000, పెట్రోలు, కరెంటు, గ్యాస్, ఫోన్లు 4,500, అత్తమామలకు 5,000, వాయిదాలు 14,130. ఇది తప్పించుకోలేని ఖర్చు, 40,130. 47,000లోంచి ఇదీ, షికార్ల 4,000 కూడా పోతే మీకు మిగిలేది 2,870. మిగిలేదే 2,870 అయితే 8,350 వాయిదా ఎక్కడి నుంచి కడతారు? ఓటీ కలిపినా చాలదు. మొదటి నెల నుంచే కార్డు గీకాలి. కారుకి ఇన్సూరెన్సు, సర్వీసు, పెట్రోలు నేనింకా లెక్కలోకి తీసుకోలేదు. కాబట్టి కారు వద్దు. ఇప్పుడు వద్దే వద్దు. మీ గాజులు మీ చేతులకే ఉండనివ్వండి.

మిగిలే 2,870కి ఓటీ డబ్బు కలిపి నెలకు 5,000 అత్యవసర నిధిగా పక్కన పెట్టండి. ఇప్పుడున్న 18,000తో మొదలుపెడితే ఏడు నెలలకి 53,000. మధ్యలో మే లోటు 13,000 తీసేసినా 40,000 ఉంటుంది, ఒక నెల ఖర్చు. అప్పటికి ఫోన్ వాయిదా అయిపోతుంది. ఆ 2,900 మీద ఇంకో ఫోన్ కొనకండి, అది కూడా ఇందులోనే వేయండి. ఇంకో ఏడు నెలలకి 95,000 దాటుతుంది. అప్పుడు బండి వాయిదా కూడా తీరి, నెలకు 12,100 వేయగలుగుతారు. పదిహేనో నెలలో లక్షా ఏడు వేలు. రెండు వాయిదాలు తీరాయి కాబట్టి అప్పటికి మీ నెల ఖర్చు 33,000కి దిగుతుంది, అంటే మూడు నెలల ఖర్చు చేతిలో ఉన్నట్టు. వాయిదా ఒకటి తీరిన ప్రతిసారీ మీరు దాచాల్సిన మొత్తం కూడా తగ్గుతుందన్నది చాలామంది గమనించరు. ఇదే దారిలో నడిస్తే ఇంకో ఎనిమిది నెలలకి ఆరు నెలల ఖర్చు, సుమారు 2 లక్షలు చేరుతుంది. మధ్యలో ఇంకో మే వస్తే ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అవుతుంది, ఫర్వాలేదు. పాప గానీ బాబు గానీ ముందే వస్తే, ఉన్నంతవరకే ఆదుకుంటుంది. అందుకే ఈ నెల నుంచే మొదలుపెట్టమంటున్నాను.

ఈ డబ్బు జీతాలు పడే ఖాతాలో ఉంచకండి. యూపీఐ ఉన్న ఖాతాలో డబ్బు నిలవదు, అది నేను వందల ఇళ్లలో చూశాను. వేరే బ్యాంకులో ఇద్దరి పేరా ఖాతా తెరిచి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టుకోండి. దాన్ని ఫోన్‌లో ఏ పేమెంట్ యాప్‌కీ కలపకండి. 20,000 దాటాక పైదంతా చిన్న చిన్న ఎఫ్‌డీలుగా, పదేసి వేల చొప్పున వేయండి. అవసరం వస్తే ఒకటి విరిస్తే చాలు, మిగతావి కదలవు. ఇంట్లో 5,000 నగదు ఉంచండి. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం అన్న మాట వినపడగానే అది డబ్బాలో ఉందో లేదో చూసుకోండి.

'పర్సనల్ లోన్ మీద 16 శాతం వడ్డీ కడుతూ, ఎఫ్‌డీలో తక్కువ వడ్డీకి డబ్బు ఉంచడమేంటి, ఆ లోనే ముందుగా తీర్చేయొచ్చు కదా' అని మీ ఆయన అడగొచ్చు. మంచి ప్రశ్నే. కానీ ముందుగా కట్టేసిన డబ్బు వెనక్కి అడిగితే రాదు. ఉన్నదంతా లోన్‌కి కట్టి, తర్వాతి నెల ఆసుపత్రి ఖర్చుకి కార్డు గీకితే 16 పోయి 40 వచ్చినట్టే. మూడు నెలల ఖర్చు చేరాక లోన్ తీర్చడం గురించి ఆలోచించండి, దాని ముందు వద్దు.

సిప్ కూడా అప్పుడే. దసరా బోనస్ 15,000 ఇద్దరికీ సొంత ఆరోగ్య బీమాకి, ఆయన పేరున టర్మ్ పాలసీకి (ఆయనకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) వాడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్‌టీ లేదు. కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతో పాటే పోతుంది, కానీ కాన్పు ఖర్చు దాంట్లో ఎంతవరకు వస్తుందో ఆయన్ని హెచ్‌ఆర్‌లో అడగమనండి. సొంత పాలసీల్లో చాలావాటికి ప్రసూతి ఖర్చు రావడానికి ఏళ్లు ఆగాలి. సరిపడా డబ్బు లేకపోతే ఈ దసరాకి ఆరోగ్య బీమా ఒక్కటే తీసుకోండి. అప్పటిదాకా ఏడాదికి 20 రూపాయలు కట్టే సురక్ష బీమా (ప్రమాద బీమా), 436 రూపాయలు కట్టే జీవన్ జ్యోతి బీమా (జీవిత బీమా) బ్యాంకులో ఈ వారమే పెట్టించుకోవచ్చు.

వానాకాలంలో కుటుంబమంతా కలిసి అరకో, శ్రీముఖలింగమో వెళ్లాలనిపిస్తే ఆ ఒక్కరోజుకి కారు బాడుగకి మాట్లాడుకోండి. ఏడాదికి నాలుగుసార్లు బాడుగ ఇచ్చినా ఆ వాయిదాల్లో నాలుగో వంతు కూడా అవదు.

మీ ఆయనతో కోపంగా మాట్లాడకండి. మీరు తడవకూడదనే కదా ఆయన కారు చూసింది. ఈ ఆదివారం నోటుబుక్కు కూడా తీసుకెళ్లి, బీచ్ దగ్గర ఇద్దరూ కూర్చుని పై లెక్క ఒకసారి వేయండి. సోమవారం ఆయన షిఫ్టుకి బయల్దేరే ముందే కొత్త ఖాతా ఫారం తెచ్చుకోండి, యాప్‌లో ఆ 2 లక్షల ఆఫర్ వద్దని నొక్కి, యాప్ తీసేయండి. కార్డు లిమిట్ 30,000కి తగ్గించమని బ్యాంకుకి చెప్పండి. ఉన్న లోన్ మీద టాపప్ అని ఇంకాస్త అప్పు ఇస్తామని ఫోన్లు వస్తూనే ఉంటాయి, ఎత్తొద్దు. పదిహేను నెలలయ్యాక కారు మీద మోజు అలాగే ఉంటే, పాస్‌బుక్కు ఫొటో జతచేసి మళ్లీ రాయండి. అప్పుడు ఏ కారో, ఎంతలోనో కలిసి చూద్దాం.