35 శాతం వైకల్యం ఉంటే స్క్రైబ్‌ని ఇవ్వరా?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పుట్టినప్పుడే కుడి భుజం నరాలు దెబ్బతిన్నాయి. అరగంట రాసేసరికి వేళ్లు బిగుసుకుపోతాయి. సదరం సర్టిఫికెట్‌లో 35 శాతం అని ఉంది. పోయిన సెమిస్టర్‌లో తెలిసిన జవాబులు కూడా రాయలేక వదిలేశాను. స్క్రైబ్ (నేను చెబుతుంటే రాసిపెట్టే మనిషి), అదనపు టైం కావాలని ఎగ్జామ్ సెల్‌లో అడిగితే 40 శాతం ఉంటేనే ఇస్తామన్నారు. ఆంధ్రా సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదన్నారు. చివరికి యూనివర్సిటీనే అడుక్కోమన్నారు. వచ్చే నెలాఖరులో పరీక్షలు. ఏం చేయాలి? ఎం.టెక్. సీటుకి వికలాంగుల కోటా నాకు వస్తుందా?
- ఒక విద్యార్థిని, చెన్నై

జవాబు: అమ్మా, మీరు అడిగింది నోటిమాటగానా, కాగితం మీదా? ఆ సంగతి రాయలేదు. నోటిమాటే అయితే, రేపు కోర్టుకెళ్లాల్సి వస్తే అడిగినట్టు రుజువే ఉండదు. కాబట్టి ముందు రాసివ్వండి, మిగతావి తర్వాత.

ఇంత తొందర ఎందుకంటే, 2021లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన అవ్నీ ప్రకాష్ కేసు చూడండి. ఆ అమ్మాయికి డిస్‌గ్రాఫియా, అంటే చేత్తో రాయడం కష్టమయ్యే లోపం. నీట్‌లో గంట అదనపు టైం రావాలి. సెంటర్లో వాళ్లకి రూలు తెలియక, అందరి దగ్గరా తీసుకున్నప్పుడే ఆమె పేపరూ లాగేసుకున్నారు. అన్యాయం జరిగిందని కోర్టు ఒప్పుకుంది. అయినా మళ్లీ పరీక్ష పెట్టమని చెప్పలేదు. నష్టాన్ని ఎలా సరిదిద్దుతారో వారంలో తేల్చమని పరీక్ష పెట్టిన సంస్థకి చెప్పింది, అంతే. పోయిన గంట పోయినట్టే. మీకింకా నెలకి పైగా ఉంది, అదే మీ బలం.

ఇక వాళ్లు చెప్పిన కారణాలు. 40 శాతం లెక్క ఊడిపడిందేమీ కాదు, వికలాంగుల హక్కుల చట్టం, 2016లోనే ఉంది. కానీ అది ఉన్నది రిజర్వేషన్ల వంటి వాటికి. పరీక్షలో అదనపు టైం, స్క్రైబ్ గురించి చెప్పే 17వ సెక్షన్‌లో 'వైకల్యం ఉన్న విద్యార్థులు' అనే ఉంది, శాతం ఊసే లేదు. సివిల్స్ రాసే ఒకతనికి రైటర్స్ క్రాంప్ (రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోయే సమస్య) ఉంటే యూపీఎస్సీ స్క్రైబ్‌ని ఇవ్వనంది. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసుగా సుప్రీంకోర్టు దాన్ని తేల్చింది: స్క్రైబ్ కావాలంటే 40 శాతం ఉండి తీరాలనడం చట్టవిరుద్ధం. ఆ తీర్పు వల్లే కేంద్రం 2022 ఆగస్టు 10న, 40 శాతం లోపు ఉండి రాయడం కష్టమైనవాళ్ల కోసం వేరే మార్గదర్శకాలు తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో గుల్షన్ కుమార్ కేసులో కోర్టు మళ్లీ అదే మాట చెప్పింది. ఇన్ని జరిగినా కౌంటర్లో కూర్చున్నవాళ్ల నోట ఆ 40 మాత్రం పోలేదు.

ఆంధ్రా సర్టిఫికెట్ చెల్లదనడం మరీ విడ్డూరం. అదే చట్టం 58వ సెక్షన్ ప్రకారం అది దేశమంతటా చెల్లుతుంది. యూడీఐడీ కార్డు (వికలాంగులకి దేశమంతటా ఒకటే గుర్తింపు కార్డు) కూడా ఉంటే దాని జిరాక్స్ జతచేయండి, ఈ గొడవ అక్కడే ఆగుతుంది.

యూనివర్సిటీని అడగమన్నది సగం నిజం. మీ కాలేజీ అనుబంధ కాలేజీ అయితే సెమిస్టర్ పరీక్షలు యూనివర్సిటీవి, ఇంటర్నల్స్ కాలేజీవి. అందుకే అర్జీ ప్రిన్సిపాల్ పేరున రాసి, ఒక కాపీ యూనివర్సిటీ కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కి పంపండి. కాలేజీలో ఇచ్చే కాపీ మీద ఇన్‌వర్డ్ సీలు వేయించుకోండి. వేయనంటే అక్కడ వాదించొద్దు, స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి.

అర్జీలో 'సాయం చేయగలరు' అని రాసి వదిలేస్తే పని జరగదు. ఏమేం కావాలో లెక్కలతో రాయండి. గంటకి కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకి గంట, గంటన్నర ఇంటర్నల్‌కి అరగంట. స్క్రైబ్‌ని మీరే తెచ్చుకుంటారా, వాళ్లనే ఇమ్మంటారా అన్నది తేల్చండి. మీరు తెచ్చుకుంటే మీకన్నా తక్కువ చదివినవాళ్లు కావాలి, క్లాస్‌మేట్ పనికిరాదు. ల్యాబ్ రికార్డు సంగతి చాలామంది మర్చిపోతారు. సెమిస్టరంతా పేజీలకి పేజీలు చేత్తో రాయిస్తారు కదా, దాన్ని టైప్ చేసి ఇవ్వడానికి అనుమతి కూడా ఇదే అర్జీలో అడగండి. హక్కు ఒక్క పరీక్ష హాలుకే పరిమితం కాదు.

మీ ఫైల్లో ఒక లోటుంది. సదరం కాగితంలో శాతం ఉంటుంది గానీ, రాయడం కష్టమన్న మాట మీదాంట్లో ఉన్నట్టు లేదు. కేంద్రం మార్గదర్శకాల్లో ఒక నమూనా ఉంటుంది, రాయడంలో ఇబ్బంది ఉంది, స్క్రైబ్ తప్పనిసరి అని ప్రభుత్వ వైద్యాధికారులు ధ్రువీకరించేది. ఇప్పుడు అమల్లో ఉన్నదాన్ని ప్రింట్ తీసుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. చెన్నైలో సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ఆసుపత్రి దగ్గరే అయినా, నా సలహా నెల్లూరే. మీ పాత రికార్డు అక్కడుంటుంది. ఈ వారమే రైలెక్కండి. అర్జీ మాత్రం దీనికోసం ఆపొద్దు, 'సర్టిఫికెట్ త్వరలో సమర్పిస్తాను' అని రాసి ఇచ్చేయండి.

పది రోజుల్లో జవాబు రాకపోతే? తమిళనాడు రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. సమన్లిచ్చి పిలిపించే అధికారం ఆయనకుంది. కాకపోతే ఆయన ఇచ్చేది సిఫారసు, దాని మీద చర్య తీసుకోవడానికి వాళ్లకి మూడు నెలల గడువుంటుంది. మీ పరీక్షలు అంతకాలం ఆగవు. అందుకని ఫిర్యాదు ఒకపక్క ఉండనిచ్చి, మద్రాసు హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ పిటిషన్ వేసి మధ్యంతర ఉత్తర్వు అడగాలి. ఆ సీలు పడ్డ కాపీ విలువ అక్కడ తెలుస్తుంది. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఆడపిల్లగా, వైకల్యం ఉన్న వ్యక్తిగా రెండు విధాలా మీకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద జరిమానా ఉంది గానీ మొదటిసారి పదివేల లోపే. దానికి ఏ యాజమాన్యమూ బెదరదు, దాని వెంట పడకండి.

ఎం.టెక్. కోటా మాత్రం 35 శాతంతో రాదు. ఆ 5 శాతం రిజర్వేషన్‌కి 40 ఉండాల్సిందే, అదీ ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల్లోనే. మీ చేతి పరిస్థితికి 35 తక్కువ వేశారనిపిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. దాన్ని ఈ పరీక్షలయ్యాక చూసుకోండి.