పక్కింటి తలుపు

బిడ్డా,

నువ్వు గ్రామ సమాఖ్య అధ్యక్షురాలివి అయ్యావని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. ఇళ్లలో ఆడవాళ్లను కొట్టడం ఊళ్లో ఎలా ఆపాలని అడిగావట. నర్సంపేట దగ్గర మా ఊళ్లో ఇరవై ఏళ్లు మహిళా పొదుపు సంఘంలో తిరిగిన దాన్ని, తెలిసింది రాస్తున్నా.

ముందే మీటింగు పెట్టి ఉపన్యాసం ఇవ్వకు. కొట్టేవాడు దానికి రాడు. ముందు మారాల్సింది వినేవాళ్లు. రాత్రి ఏడుపు వినిపిస్తే నాలుగిళ్ల వాళ్లు టీవీ సౌండ్ పెంచుతారు, 'మొగుడూ పెళ్లాల మధ్య మనకెందుకు' అంటారు. మా వాడలో ఒకామె చెయ్యి విరిగిన రాత్రి నేనూ అలాగే పడుకున్నాను. పొద్దున ఆమె ముఖం చూడలేకపోయాను. ఆ తర్వాతే సంఘంలో అనుకున్నాం: అరుపు వినపడితే ముగ్గురం కలిసి వెళ్లి తలుపు కొట్టాలని. 'చింతపండు ఉందా అక్కా' అన్నా చాలు, లేచిన చెయ్యి చాలాసార్లు దిగుతుంది. ఒక్కదానివే వెళ్లకు. వాడి చేతిలో గొడ్డలో కత్తో ఉంటే దగ్గరికే పోవద్దు, 112కు ఫోన్ చెయ్యి.

పంచాయితీలో ఆమెను నిలబెట్టి 'నువ్వేమన్నావమ్మా' అంటారు, వాడు కుర్చీలో కూర్చుంటాడు. నువ్వు ముందు వాణ్ని అడుగు. 'తాగి ఉన్నా' అంటే, తాగి సర్పంచ్‌ను ఎందుకు కొట్టలేదని అడుగు. మా ఊళ్లో ఒకడు ఆ మాటకు తల దించుకున్నాడు. జరిమానా కట్టించి పంపడానికి మాత్రం ఒప్పుకోకు. ఆ డబ్బు ఆమె పొదుపులోంచే పోతుంది.

అన్నిటికంటే కష్టం తల్లిదండ్రులతోనే. బతుకమ్మకు వచ్చిన బిడ్డ ఒంటి మీద వాతలు చూసీ చూడనట్టుండి, చీర పెట్టి పంపేస్తారు. తిరిగొస్తే పరువు పోతుందని భయం. పెళ్లి మాటలప్పుడే ఆ తండ్రి దగ్గర కూర్చో. 'ఎప్పుడొచ్చినా ఈ ఇల్లు నీదే' అని బిడ్డతో అనిపించు.

2005 గృహహింస చట్టం గురించి కూడా చెప్పు. ఇల్లు మామ పేరున ఉన్నా కోడల్ని ఊరికే వెళ్లగొట్టడానికి లేదు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చిన పొరుగువాళ్ల మీద కేసు పడదు; ఈ సంగతి తెలియకే చాలామంది నోరు విప్పరు. సాయం అడగడానికి 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు, జిల్లాలో హింసకు గురైన ఆడవాళ్లను ఆదుకునే సఖి కేంద్రం ఉన్నాయి. కానీ ఆమెను అడగకుండా కేసు పెట్టించకు, రాత్రికి అదే ఇంట్లో పడుకోవాల్సింది ఆమె.

వచ్చే పొదుపు మీటింగులో లెక్కలయ్యాక, ఎవరి తలుపు ఎవరు కొట్టాలో పేర్లు అనుకోండి. మీ పక్కింటి పేరు ముందు నువ్వే చెప్పు.

నీ మేనత్త