జన్యువుల సినిమా చూసి కోర్సు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది బైపీసీ. మొన్న కాలేజీలో 'గట్టాకా' అనే ఇంగ్లిష్ సినిమా చూపించారట. బిడ్డ పుట్టగానే రక్తం బొట్టు చూసి ఏ పనికి పనికొస్తాడో తేల్చేసే లోకం కథ. అప్పట్నుంచి నీట్ వద్దు, జెనెటిక్ ఇంజినీరింగే చదువుతానని పట్టుబట్టింది. ఒక ఏజెంటు తమిళనాడులోని ప్రైవేటు యూనివర్సిటీలో ఆ పేరుతోనే బీటెక్ సీటు ఉంది, ముందే అడ్వాన్సు కట్టమంటున్నాడు. ఇంకో భయం కూడా ఉంది. రక్తపరీక్షల శిబిరంలో మా అబ్బాయిని సికిల్ సెల్ వాహకుడని రాశారు. రేపు ఉద్యోగాలకు, పెళ్లిళ్లకు ఇది అడ్డమవుతుందా?

జవాబు: నమస్కారమండీ. ముందుగా ఆ ఏజెంటుకి అడ్వాన్సు ఇవ్వకండి. ఇంటర్ పరీక్షలే అవ్వకముందు సీటుకి డబ్బు అడిగే చోట మీ అమ్మాయి చేరాల్సిన తొందర ఏమీ లేదు. మిగతాది నిదానంగా చూద్దాం.

ఆ సినిమా 1997లో వచ్చింది, ఆండ్రూ నికోల్ తీశారు. పేరులో ఉన్నవన్నీ డీఎన్ఏలోని నాలుగు బేస్‌ల అక్షరాలే: జీ, ఏ, టీ, సీ. అందులో విన్సెంట్ అనే బిడ్డ పుట్టిన క్షణాల్లోనే నర్సు మడమ మీద సూదితో పొడిచి లెక్క చదివేస్తుంది. నరాల జబ్బుకు 60 శాతం, గుండె జబ్బుకు 99 శాతం, ఆయుష్షు 30.2 ఏళ్లు. కొడుక్కి తన పేరే పెట్టుకుందామనుకున్న తండ్రి ఆ మాట విని మనసు మార్చుకుంటాడు. పెద్దయ్యాక ఉద్యోగానికి వెళ్తే ఇంటర్వ్యూ అంటే మూత్ర పరీక్షే, ఒక్క ప్రశ్న కూడా అడగరు. ఇలాంటి వివక్ష నేరమని ఆ లోకంలోనూ చట్టం ఉంది. ఎవరూ లెక్కచేయరు, అంతే.

మీ అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్కటి అడగండి. ఆ సినిమాలో నిన్ను కదిలించింది ఏది? రక్తాన్ని చదివిన యంత్రమా, ఆ అంకె విని కూలిపోయిన అమ్మానాన్నలా, అంకె చూసి తలుపు మూసేసిన ఆఫీసా? ఈ మూడింటికీ మూడు వేర్వేరు చదువులు. జెనెటిక్ ఇంజినీరింగ్ అన్న పేరు వాటిలో మొదటిదానికే కొంత దగ్గర, అదీ పూర్తిగా కాదు.

ఏ దారి పట్టినా ముందు రావాల్సింది అంకెలు చదవడం. ఒక లెక్క చెబుతాను, తనని కాగితం మీద వేసి చూడమనండి. నూటికి ఒకరికి వచ్చే జబ్బు ఉందనుకుందాం. దాన్ని పట్టుకునే పరీక్ష జబ్బున్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ నూటికి 99 సార్లు సరిగ్గా చెబుతుంది. పది వేల మందికి ఆ పరీక్ష చేశాం. జబ్బున్నవాళ్లు 100 మంది, వాళ్లలో 99 మందికి 'ఉంది' అని వస్తుంది. లేనివాళ్లు 9,900 మంది, వాళ్లలో నూటికి ఒకరి చొప్పున ఇంకో 99 మందికి కూడా పొరపాటున 'ఉంది' అనే వస్తుంది. మొత్తం 198 మంది చేతిలో 'ఉంది' అన్న కాగితం, నిజంగా జబ్బున్నది అందులో సగం మందికే. 99 శాతం కచ్చితమైన పరీక్ష 'ఉంది' అని చెప్పినా మీకు జబ్బుండే అవకాశం ఇక్కడ యాభై శాతమే. జబ్బు ఇంకా అరుదైతే ఆ సగం ఇంకా పడిపోతుంది. ఈ లెక్క పట్టించుకోకుండా కాగితం చూసి తీర్పు చెప్పేవాడే ఆ సినిమాలో ఆఫీసు మనిషి. మీ అమ్మాయి ఈ లెక్కను ఇష్టంగా చేసి, 'మరి రెండోసారి పరీక్ష చేస్తే?' అని అడిగిందంటే ఈ రంగం ఆమెకు సరిపోతుందని నా నమ్మకం. లెక్కంటే విసుక్కుంటే ప్రయోగశాల మీద మోజు ఒక్కటీ చాలదు.

ఇక్కడ ఇంకో తేడా కూడా తెలియాలి. సికిల్ సెల్ ఒకే జన్యువు సంగతి. హెచ్‌బీబీ అనే జన్యువులో ఒక్క అక్షరం మారుతుంది, ఏ ఉండాల్సిన చోట టీ పడుతుంది, ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. అమ్మానాన్నల నుంచి వచ్చే రెండు ప్రతుల్లో ఒక్కటే మారితే వాహకుడు, రెండూ మారితే జబ్బు. అలాంటి జబ్బుల్లో పరీక్ష మాటకు బలం ఎక్కువ. షుగరు, బీపీ, ఎత్తు, చదువు చురుకుదనం ఇవన్నీ వందలూ వేల జన్యువులు, తిండి, నీళ్లు, ఊరు, పెంపకం కలిసి చేసేవి. సినిమా ఈ రెండు రకాలనీ ఒకే గాటన కట్టేసింది. కథకి అది పనికొచ్చింది గానీ, సైన్సు పాఠంగా తీసుకుంటే తప్పు.

మీ అబ్బాయి సంగతి. శిబిరంలో ఏ పరీక్ష చేశారో ఆ కాగితంలో చూడండి. సాల్యుబిలిటీ పరీక్ష అయితే అది వడపోత మాత్రమే. ఎస్ రకం (సికిల్) హిమోగ్లోబిన్ ఉన్న రక్తం వేస్తే ద్రావణం మసకబారుతుంది, కానీ వాహకుడా, జబ్బున్నవాడా అన్నది చెప్పలేదు. తేల్చేది రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. మామూలు హిమోగ్లోబిన్ ఎక్కువా, ఎస్ రకం తక్కువా ఉంటే సాధారణంగా వాహకుడే. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి, లేకపోతే ఫలితం తారుమారవుతుంది. అబ్బాయి వాహకుడని తేలితే మీ ఇద్దరిలో కనీసం ఒకరు వాహకులే, కాబట్టి మీరు, మీ ఆవిడ, అమ్మాయి కూడా చేయించుకోండి. మీలో ఒక్కరే వాహకులైతే అమ్మాయి కూడా వాహకురాలు అయ్యే అవకాశం సగం.

వాహకుడంటే రోగి కాదు. చాలామంది జీవితమంతా మామూలుగానే ఉంటారు. బాగా ఎత్తైన ప్రదేశాల్లోనూ, నీళ్లు తాగకుండా విపరీతంగా శ్రమపడే పనుల్లోనూ మాత్రం జాగ్రత్త కావాలి. చూసుకోవాల్సింది పెళ్లి దగ్గర. ఇద్దరు వాహకులు కలిస్తే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒకరే వాహకులైతే బిడ్డకు జబ్బు రాదు, వాహకత్వం వచ్చే అవకాశం 50 శాతం. కాబట్టి సంబంధం వదులుకోవాల్సిన పని లేదు, అవతలివాళ్ల పరీక్ష కాగితం కూడా చూస్తే చాలు. అవతలివాళ్లకు హిమోగ్లోబిన్‌లోని వేరే లోపాలైన హెచ్‌బీఈ, బీటా తలసీమియా వాహకత్వాలు కూడా లేవని అదే హెచ్‌పీఎల్‌సీలో చూసుకోండి, సికిల్‌తో అవి కలిసినా జబ్బే. గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేసే జాతీయ మిషన్ 2023 జూలై 1న మొదలైంది, నలభై ఏళ్ల లోపువాళ్లను ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది దాని లక్ష్యం. శిబిరంలో రాసిచ్చిన ఆ కాగితం ముందుజాగ్రత్త కోసం ఇచ్చింది, ఎవరినీ వెలివేయడానికి కాదు. ఉద్దానం పేరు చెబితేనే కిడ్నీ జబ్బు గుర్తొచ్చి సంబంధానికి వెనకాడేవాళ్లు మన జిల్లాలో ఉన్నారని మీకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడి జబ్బుకు కారణమే ఇంకా తేలలేదు, ఊరి పేరు మాత్రం మోసుకు తిరుగుతున్నారు. జన్యువు పేరుతోనూ అలా జరగకుండా చూసుకోవాల్సింది ఇంట్లో మనమే.

ఉద్యోగాల మాటకొస్తే, అమెరికా వైమానిక దళ అకాడమీ 1981 వరకు సికిల్ సెల్ వాహకులను చేర్చుకునేది కాదు. కోర్టులో కేసు పడ్డాక ఆ నియమం పోయింది. అంటే సినిమా చెప్పిన వివక్ష సినిమాకంటే ముందే ఉంది. ఆ దేశంలో 2008లో ఉద్యోగాల్లోనూ ఆరోగ్య బీమాలోనూ జన్యు వివక్షను నిషేధిస్తూ చట్టం చేశారు. జీవిత బీమాను మాత్రం అందులో చేర్చలేదు. మన దగ్గర దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. 2018లో ఢిల్లీ హైకోర్టు గుండె కండరం మందమయ్యే జబ్బున్న ఒకాయన కేసులో, 'జన్యు రుగ్మతలకు వర్తించదు' అని గుండుగుత్తగా రాసి ఆరోగ్య బీమా ఎగ్గొట్టడం సమానత్వ హక్కుకు విరుద్ధమని చెప్పింది. బీమా ఫారంలో అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచినట్టు తేలితే క్లెయిము పోయేది అక్కడే. వికలాంగుల హక్కుల చట్టం 2016లో సికిల్ సెల్ జబ్బు ఉంది గానీ, అది జబ్బున్నవాళ్లకే, వాహకులకు ఆ ధ్రువపత్రం అవసరమూ లేదు, రాదు కూడా.

జెనెటిక్ ఇంజినీరింగ్ ఈ రోజు ఏం చేస్తోందో కూడా అమ్మాయికి తెలియాలి. జన్యువును కోసి మార్చే క్రిస్పర్ పద్ధతితో సికిల్ సెల్‌కు చేసే మొదటి చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. రోగి మూలకణాలను బయటికి తీసి, వాటిలో పిండ దశలో ఉండే హిమోగ్లోబిన్‌ను మళ్లీ తయారు చేయించేలా మార్పు చేస్తారు. తర్వాత బలమైన కీమోథెరపీతో పాత ఎముక మజ్జను ఖాళీ చేసి వాటిని తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. ఆ మార్పు రోగితోనే ఆగిపోతుంది, పిల్లలకు వెళ్లదు. పిండంలోనే మార్పు చేసి పిల్లలను పుట్టించానని 2018లో ప్రకటించిన చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్‌కు మూడేళ్ల జైలు పడింది. సినిమాలోలాగా నాలుగు పిండాల్లో నచ్చినది ఏరుకోవడం మన దేశంలో కుదరదు. 1994 నాటి చట్టం లింగ ఎంపికను నిషేధించింది, 2021 చట్టం పిండ పరీక్షను కుటుంబంలో తెలిసిన వంశపారంపర్య జబ్బులకే పరిమితం చేసింది.

ఇక చదువు. యంత్రమే నచ్చిందంటే మీకు అన్నిటికంటే దగ్గర, మేలైన చోటు బరంపురం ఐసర్, కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ. పలాసలో రైలెక్కితే ఇచ్ఛాపురం దాటాక వచ్చేదే. అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు. ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ పదిహేనేసి. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. బైపీసీ పిల్లలు దెబ్బతినేది మ్యాథ్స్ దగ్గరే. పూర్తిగా వదిలేస్తే 240లో 60 మార్కులు పోయినట్టే. పదకొండు, పన్నెండు తరగతుల ఎన్సీఈఆర్టీ పుస్తకాల్లో సెట్లు, సంభావ్యత, మాత్రికలు, సులువైన అవకలనం నేర్చుకుంటే ఐదారు ప్రశ్నలు చేయొచ్చు. రెండు నెలలు రోజూ గంట కూర్చుంటే అయ్యే పని. సంభావ్యత ఎలాగూ ఈ రంగంలో జీవితాంతం వెంట ఉంటుంది.

అది రాకపోతే శ్రీకాకుళంలోనే బీఎస్సీ చేయొచ్చు, చిన్నతనం ఏమీ లేదు. డిగ్రీలో ప్రధాన సబ్జెక్టును మేజర్ అని, పక్కన చదివేదాన్ని మైనర్ అని అంటారు. బయోటెక్నాలజీ గానీ జువాలజీ గానీ మేజర్‌గా, కాలేజీలో ఉంటే కంప్యూటర్స్ లేదా స్టాటిస్టిక్స్ మైనర్‌గా తీసుకోమనండి. తర్వాత ఏపీ పీజీసెట్ రాసి ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం బయోటెక్నాలజీకో, విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయం హ్యూమన్ జెనెటిక్స్‌కో వెళ్లొచ్చు. ఆ తర్వాత పరిశోధకులను ఎంపిక చేసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, హెచ్ఆర్ఏ అదనం. హైదరాబాదులో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీ అంటే ఇంకో అయిదేళ్లు. ఇంటర్ తర్వాత మొత్తం పదేళ్ల దారి. ఇది ఇప్పుడే ఇంట్లో చెప్పుకోవాలి, మధ్యలో 'ఇంకా ఎన్నాళ్లు' అని అడిగితే ఆమె మనసు విరిగిపోతుంది.

అమ్మానాన్నల ముఖాలే ఆమెను కదిలించి ఉంటే అది జెనెటిక్ కౌన్సెలింగ్. రిపోర్టు చదివి కుటుంబానికి అర్థమయ్యేలా, భయపెట్టకుండా, దాచకుండా చెప్పే పని. మన జిల్లాలకు ఈ మనుషులు చాలా అవసరం, తెలుగులోనూ సవర భాషలోనూ చెప్పగలిగేవాళ్లు మరీ అవసరం. జీవశాస్త్రంలో డిగ్రీ తర్వాత రెండేళ్ల ఎమ్మెస్సీ చేయాలి, దేశంలో ఆ సీట్లు తక్కువ. ఎంబీబీఎస్ మీదుగా మెడికల్ జెనెటిక్స్ స్పెషాలిటీకి వెళ్లే దారీ ఉంది, అందుకే నీట్ ఇప్పుడే మానేయొద్దనండి. తలుపు మూసిన ఆఫీసు మీదే కోపమైతే ఏ గ్రూపు నుంచైనా లా చదవొచ్చు. లా ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం మీకు దగ్గర. జన్యు సమాచారం మీద మన దగ్గర చట్టం ఇంకా రాయాల్సే ఉంది, రాసేవాళ్లకు జీవశాస్త్రం తెలిస్తే మంచిది.

ఏజెంటు చెప్పిన బీటెక్ మీద నాకు నమ్మకం తక్కువ. పరిశోధన ఉద్యోగాల ప్రకటనల్లో ఎక్కువగా అడిగేది ఎమ్మెస్సీ లేదా ఎంటెక్. ఒక్క బీటెక్‌తో ఆగితే చాలామంది పిల్లలు చివరికి సాఫ్ట్‌వేర్ శిక్షణల వైపే వెళ్తారు, దానికి అంత ఫీజు దండగ. అయినా వెళ్లాలనుకుంటే కాలేజీని సూటిగా అడగండి. డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ యంత్రాలు ఎన్ని, ఒక్కోదానికి ఎంతమంది విద్యార్థులు? పిల్లలే చేత్తో చేస్తారా, చూసి రాసుకుంటారా? నిరుడు గేట్ బయోటెక్నాలజీలో ఎంతమంది అర్హత సాధించారు? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాకపోతే తిరిగి వచ్చేయండి.

ఈ వారంలో చేయాల్సింది ఒకటుంది. అమ్మాయిని ఫోన్‌లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ నడిపే జన్యు మార్పుల జాబితా క్లిన్‌వార్ తెరిచి హెచ్‌బీబీ అని కొట్టమనండి, ఉచితమే. ఒక్క జన్యువులోనే వరసగా మార్పులు వస్తాయి. కొన్నిటి పక్కన 'జబ్బు కలిగిస్తుంది' అని, కొన్నిటి పక్కన 'హాని లేదు' అని, మరికొన్నిటి పక్కన 'ప్రాముఖ్యం తేలలేదు' అని ఉంటుంది. ఆ మూడో రకం మీద పది నిమిషాలు ఆగి 'ఇది ఎలా తేలుస్తారు?' అని అడిగితే ఐఏటీ ఫారం నింపించండి. ఈలోగా మీ నలుగురి హెచ్‌పీఎల్‌సీ కాగితాలూ తెప్పించి ఒకే ఫైల్లో పెట్టండి. వాటిని చదివి మీకు వివరించే పని అమ్మాయికే ఇవ్వండి.