పొలం ఆక్రమించిన వ్యక్తిని ఖాళీ చేయించే దావా ఏ కోర్టులో వేయాలి?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో నాన్నగారి నుంచి నాకు 3 ఎకరాల పట్టా భూమి వచ్చింది. ఐదు నెలల కింద పక్క పొలం ఆయన 20 గుంటలు కలుపుకుని కడీలు పాతాడు. తహసీల్దార్‌ను కలిస్తే సివిల్ కోర్టుకు వెళ్లమన్నారు. అతనూ నేనూ హైదరాబాద్‌లోనే ఉంటాం. దావా ఇక్కడే వేయవచ్చా? ల్యాండ్ గ్రాబింగ్ కోర్టుకు వెళ్లాలా?

జవాబు: హైదరాబాద్‌లో వేయడం కుదరదు. భూమి స్వాధీనం కోరే దావా ఆ భూమి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 16 చెబుతోంది. ఇద్దరూ ఎక్కడ కాపురం ఉన్నా తేడా లేదు. ఆ పరిధిలో కూడా, విలువను బట్టి విచారించే అధికారం ఉన్న అతి కింది కోర్టులోనే మొదలుపెట్టాలి (సెక్షన్ 15). అంటే జూనియర్ సివిల్ జడ్జి, ఆపైన సీనియర్, ఆపైన జిల్లా జడ్జి. ఈ కోర్టుల విలువ హద్దులు సవరణలతో మారుతూ వచ్చాయి కాబట్టి పాత పుస్తకంలో అంకె చూసి వేయకండి. తప్పు కోర్టులో వేస్తే దావా పత్రం వాపసు వస్తుంది. విలువ లెక్కించేది మూడెకరాలకు కాదు, పోయిన 20 గుంటలకే.

తహసీల్దార్ చెప్పింది సరైనదే. ప్రభుత్వ భూమి అయితే 1905 ఆక్రమణల చట్టం కింద ఆయనే నోటీసు ఇచ్చి ఖాళీ చేయించగలరు. ప్రైవేటు పట్టా భూమిలో ఆ అధికారం లేదు.

ఇక మీరు తొందరపడాల్సిన విషయం. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద, హక్కు సంగతి జోలికి పోకుండా, 'నా స్వాధీనంలో ఉండగా చట్టవిరుద్ధంగా తొలగించాడు' అని మాత్రమే రుజువు చేసి భూమి తిరిగి పొందవచ్చు. గడువు తొలగించిన రోజు నుంచి ఆరు నెలలు. మీకు మిగిలింది నెల. మీరు ఊళ్లో లేకపోయినా ఫర్వాలేదు, కౌలుదారు ద్వారానో జీతగాడి ద్వారానో సాగు చేయించినా స్వాధీనమే. ఈ తీర్పు మీద అప్పీలు ఉండదు, హైకోర్టులో రివిజన్ మాత్రమే. ప్రభుత్వం మీద మాత్రం సెక్షన్ 6 దావా పనికిరాదు.

అయితే అతను 'ఆ 20 గుంటలు నా సర్వే నంబరులోవే' అంటున్నాడా? అప్పుడు నా సలహా వేరు. హక్కు ప్రకటన (భూమి మీదేనని కోర్టు తేల్చి చెప్పడం), స్వాధీనం రెండూ కోరుతూ దావా వేయండి. దీనికి గడువు 12 ఏళ్లు, అతని స్వాధీనం మీకు ప్రతికూలంగా మారిన నాటి నుంచి (లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 65). కోర్టు ఫీజు మార్కెట్ విలువలో నాలుగింట మూడు వంతుల మీద లెక్కిస్తారు. ముందుగా హద్దుల సర్వేకు దరఖాస్తు పెట్టి ఆ పటం జత చేయండి. దావాలో అడ్వకేట్ కమిషనర్‌ను (స్థలం చూసి నివేదిక ఇచ్చేందుకు కోర్టు పంపే వకీలును) నియమించి, సర్వేయర్ సాయంతో కొలతలు వేయించమని అడగవచ్చు. పోయిన భాగానికి నాలుగు వైపులా హద్దులు రాయని దావా గెలిచినా అమలులో చిక్కుకుంటుంది. భూమి అప్పగించడానికి కోర్టు పంపే అమీన్ వచ్చి ఎక్కడ నిలబడాలి?

చాలామంది చేసే పొరపాటు ఉత్త ఇంజంక్షన్ దావా, అంటే భూమి జోలికి రాకుండా ఆపమని మాత్రమే కోరడం. ఫీజు తక్కువ, స్టే త్వరగా దొరుకుతుందనే ఆశ. భూమి మీ చేతిలో లేనప్పుడు ఇంజంక్షన్ నిలవదని, స్వాధీనం అడగాలని, హక్కుపై నీడ పడితే ప్రకటన కూడా అడగాలని వరంగల్ స్థలాల కేసులోనే సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. మీ ఉత్త ఇంజంక్షన్ దావా కొట్టేసేసరికి ఏళ్లు గడుస్తాయి, 12 ఏళ్ల గడియారం మాత్రం ఆగదు.

ల్యాండ్ గ్రాబింగ్ విషయానికొస్తే, 1982 చట్టం కింద ప్రత్యేక ట్రిబ్యునల్‌గా జిల్లా జడ్జి కూర్చుంటారు. అక్కడ ఆక్రమణ ఒక్కటి చూపితే చాలదు, హక్కేమీ లేకుండా కాజేసే ఉద్దేశం ఉందనీ రుజువు కావాలి. గట్టు తగాదాకు అది సరైన చోటు కాదని నా అభిప్రాయం.

భూమి స్వభావం వేరైతే దారీ వేరు. వక్ఫ్ భూమికి వక్ఫ్ ట్రిబ్యునల్, దేవాలయ భూమికి ఎండోమెంట్స్ ట్రిబ్యునల్. ఏజెన్సీ ప్రాంతంలో మామూలు సివిల్ కోర్టు కాదు, ఏజెన్సీ అధికారులను ఆశ్రయించాలి.

ఈ వారంలోనే పట్టాదారు పాసుపుస్తకం, గత ఏళ్ల పహాణీలు, కడీలు పాతినప్పటి ఫోటోలు, సాగు చేసినవారి పేర్లు తీసుకుని ఆ ఊరి కోర్టులో వకీలును కలవండి.