ఇస్క్రా గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

పోలండ్ దేశపు ఇస్క్రా శిక్షణ విమానం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. యుద్ధ విమానాల గురించి రాయడానికి మన భాషలో ఉత్సాహపడేవారు చాలామందే ఉన్నారు గాని, పైలట్లను తయారుచేసే విమానం గురించి రాయాలని తలపెట్టేవారు అరుదు. ఆ సంతోషంతోనే ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను. నీ వ్యాసంలో సమాచారానికి కొరత లేదు. రెక్కల పొడవు, బరువు, వేగం అన్నీ సరిగానే ఇచ్చావు. అయితే ఆ విమానం అలాగే ఎందుకు ఉందో, అలా ఉండాలని ఎవరు ఏ ఇబ్బందుల మధ్య నిర్ణయించారో చదివేవారికి తెలియడం లేదు. నేను చెప్పదలచుకున్నదంతా దాని గురించే.

1960 ఫిబ్రవరి 5న ఆంద్జెయ్ అబ్లమోవిచ్ ఆ విమానాన్ని తొలిసారి ఎగరేసిన ఘట్టంతో నువ్వు మొదలుపెట్టావు. ఘట్టం ఆకర్షణీయమైనదే, కాని అసలు కథ అంతకు పదిహేనేళ్ల ముందే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ విమాన పరిశ్రమ సర్వనాశనమైంది. యుద్ధానికి ముందు వార్సాలో బాంబర్ విమానాల రూపకల్పనలో పనిచేసిన తదేవుష్ సోల్టిక్ మిగిలిన కొద్దిమందిని కూడగట్టుకుని, మొదట లుబ్లిన్‌లోనూ తర్వాత వూచ్ నగరంలోనూ పని ప్రారంభించాడు. ఆ బృందం చేసిన ష్పాక్ అనే చిన్న విమానం 1945 అక్టోబరులోనే గాలిలోకి లేచింది. 1948లో యూనాక్, 1955లో బియెస్ వచ్చాయి. ఈ రెండూ పిస్టన్ ఇంజిన్, ప్రొపెల్లర్ ఉన్న శిక్షణ విమానాలే. బియెస్‌లు 250 పైచిలుకు తయారయ్యాయి. మరోవైపు పోలండ్‌లోని మియెలెత్స్ పట్టణపు విమాన కర్మాగారం 1950ల తొలినాళ్ల నుంచే సోవియట్ మిగ్-15 జెట్ ఫైటర్‌ను లిమ్ అనే పేరుతో లైసెన్సు మీద తయారుచేస్తూ వచ్చింది. ప్రొపెల్లర్ విమానంలో నేర్చుకున్న కుర్రవాడు నేరుగా జెట్ ఫైటర్‌లోకి ఎక్కవలసి రావడం ఎంత ప్రమాదమో ఊహించు. ఆ అంతరాన్ని పూడ్చడానికే సోల్టిక్ 1957 ప్రాంతంలో కొత్త విమానం గీయడం మొదలుపెట్టాడు. ఈ అవసరం నీ మొదటి పేజీలో కనిపించాలి.

తర్వాత దాని ఆకారం దగ్గర తీరిగ్గా ఆగు. నువ్వు దాన్ని అందమైనది అని ఒక్క మాటతో దాటవేశావు. ఇస్క్రా ఇంజిన్ కాక్‌పిట్ వెనుక ఉంటుంది, గాలి రెక్కల మొదళ్లలోని రంధ్రాల గుండా లోపలికి వెళ్తుంది, వేడి వాయువు మాత్రం విమానం తోక చివర నుంచి కాకుండా మధ్యలోనే, పొడవాటి తోక కాడ కింద నుంచి బయటికి వస్తుంది. దీనివల్ల వాయువు వెళ్లే గొట్టం పొట్టిగా ఉండి ఇంజిన్ బలం వృథా కాదు, తోక పైకి లేచి ఉండడంతో ఆ వేడి దాన్ని తాకదు. శిక్షణలో ఉన్నవాడు ముందు సీట్లో, నేర్పేవాడు వెనుక సీట్లో కూర్చుంటారు. పక్కపక్కన కూర్చోబెడితే గురువుకు శిష్యుడి చేతులు కనిపిస్తాయి. ముందూవెనకా కూర్చోబెడితే శిష్యుడికి రేపు ఎక్కబోయే ఫైటర్‌లో కనిపించే దృశ్యమే నేడు అలవాటవుతుంది. రెండు పద్ధతులనూ సమర్థించేవారున్నారు. సోల్టిక్ రెండోదాన్ని ఎంచుకున్నాడు. ఇలాంటి ఎంపికలను ఒక్కొక్కటే విప్పి చూపితే, విమానాల గురించి ఏమీ తెలియని పాఠకుడు కూడా నీతో నడుస్తాడు.

ఇంజిన్ కథను నువ్వు పట్టికలోకి నెట్టేశావు. నా దృష్టిలో ఈ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. విమానం సిద్ధమయ్యేనాటికి దానికోసం అనుకున్న పోలిష్ ఇంజిన్ సిద్ధం కాలేదు. అందువల్ల సోవియట్ నాయకత్వంలోని వార్సా సైనిక కూటమికి చెందిన దేశం చేసిన ఇస్క్రా తొలి నమూనా, బ్రిటిష్ వైపర్ ఇంజిన్‌తో ఎగిరింది. తర్వాత స్వదేశీ హెచ్‌ఓ-10 వచ్చింది, దాని బలం చాలలేదు. 1,000 కిలోల థ్రస్ట్ (విమానాన్ని ముందుకు నెట్టే బలం) ఇచ్చే ఎస్‌ఓ-1 వచ్చేవరకు విమానానికి అనుకున్న సత్తా రాలేదు. ఉత్పత్తి మాత్రం దానికోసం ఆగకుండా 1963లోనే మొదలైంది. ఇంజిన్ కోసం ఎదురుచూసే విమానం బాధ మన దేశపు విమాన పరిశ్రమకు బాగా తెలిసినదే కనుక, మన పాఠకులకు ఈ భాగం దగ్గరగా అనిపిస్తుంది. మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ చేసిన కిరణ్ శిక్షణ విమానం మొదటి రకంలో ఉన్నదీ వైపర్ కుటుంబపు ఇంజినే. ఆ సంబంధాన్ని నువ్వు ఎక్కడా ప్రస్తావించలేదు.

వార్సా కూటమి దేశాలకు ఉమ్మడి శిక్షణ జెట్‌ను ఎంచుకునేందుకు జరిగిన 1961 పోటీ గురించి రాసినచోట నీ కలం కోపంతో పరిగెత్తింది. మాస్కో దగ్గరి మోనినోలో సోవియట్ యాక్-30, చెకోస్లొవేకియా ఎల్-29, ఇస్క్రా పోటీపడ్డాయి. కూటమి ఎల్-29ను ఎంచుకుంది. పోలండ్ ఒక్కటే తన సొంత విమానంతో ముందుకు వెళ్లింది. ఇంతవరకు వాస్తవం. ఇస్క్రాకు అన్యాయం జరిగిందని, తీర్పు ముందే రాసిపెట్టి ఉందని నువ్వు తేల్చేశావు. రాజకీయం లేదని నేను అనను. అయితే ఎల్-29 వైపు నుంచి కూడా ఒక పేరా రాసి చూడు. అది నెమ్మదైనదే గాని నిర్మాణంలో సులువైనది, గడ్డి మైదానాల మీద నుంచి కూడా ఎగరగలిగినది, 3,500కు పైగా తయారై ఎన్నో దేశాల్లో పైలట్లకు చదువు చెప్పినది. ప్రతిపక్షం బలం పూర్తిగా చెప్పిన తర్వాత ఇస్క్రా పక్షాన నువ్వు మాట్లాడితే, ఆ మాటకు విలువ పెరుగుతుంది.

1964లో అబ్లమోవిచ్ గంటకు 839 కిలోమీటర్ల వేగంతో నెలకొల్పిన రికార్డును నువ్వు రెండుచోట్ల చెప్పావు. ఒకచోట చాలు. రోజూ శిక్షణలో తిరిగే ఇస్క్రా గరిష్ఠ వేగం సుమారు 720 కిలోమీటర్లు. దెంబ్లిన్ సైనిక పాఠశాలలో పద్దెనిమిది, ఇరవయ్యేళ్ల క్యాడెట్‌కు ఆ రికార్డుతో పని లేదు. విమానం వేగం తగ్గి పట్టు తప్పబోతున్నప్పుడు ముందుగా హెచ్చరిస్తుందా, గిరగిరా తిరగడం మొదలైతే తిరిగి చేతికి వస్తుందా, గట్టిగా నేలను తాకినా చక్రాలు ఓర్చుకుంటాయా అన్నవే అతనికి కావాలి. శిక్షణ విమానాన్ని ఆ ప్రశ్నలతోనే తూచు.

1987 వరకు 424 ఇస్క్రాలు తయారైన సంగతి, దాని స్థానంలోకి రావలసిన ఇరిడా విఫలమై ఈ పాత విమానమే దశాబ్దాలపాటు బరువు మోసిన సంగతి, చివరికి ఇటలీ ఎం-346 దాని చోటు తీసుకున్న సంగతి నువ్వు క్లుప్తంగా, చక్కగా చెప్పావు. వాటిని కదపకు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇస్క్రాలు కొన్న ఏకైక విదేశం భారత్. కిరణ్‌లు సరిపడినన్ని అందని కాలంలో, 1970ల మధ్యలో మన వాయుసేన 50 తెప్పించుకుంది, తర్వాత మరో 26 తీసుకుంది. అవి సికింద్రాబాద్ శివార్లలోని హకీంపేటలో 2004 డిసెంబరు వరకు ఎగిరాయి. మియెలెత్స్‌లో పుట్టిన విమానం దక్కను ఎండల్లో ఇంతకాలం పనిచేయడం నీ వ్యాసంలో రెండు వాక్యాలతో ముగిసిపోయింది. దీన్ని విస్తరించు. వేడి గాలి పలచబడితే రెక్కలకు ఆధారం తగ్గుతుంది, ఇంజిన్ బలమూ తగ్గుతుంది, రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తాలి; చల్లని దేశం కోసం గీసిన యంత్రానికి మే నెల మధ్యాహ్నం అంటే ఏమిటో ఈ సూత్రం నుంచే పాఠకుడికి చెప్పగలవు. ఆ విమానం నడిపినవారిలోనూ, దానికి సేవలందించిన టెక్నీషియన్లలోనూ జంటనగరాల్లో స్థిరపడినవారు ఉంటారు. వారిని కలిసినప్పుడు విమానం ఎలా ఉండేదని అడగకు, బాగుండేదనే అంటారు. ఉదయం మొదటి ఎగురుడుకు ముందు ఏమేం తనిఖీ చేసేవారో, విడిభాగం దొరకనప్పుడు ఏం చేసేవారో, కిరణ్ నుంచి దీనిలోకి మారిన ట్రైనీ మొదట ఏ విషయంలో తడబడేవాడో అడుగు. చెప్పినదాన్ని చెప్పినట్టే రాసుకుని, తేదీలను మాత్రం రికార్డులతో సరిచూసుకున్న తర్వాతే వ్యాసంలో చేర్చు. హకీంపేట భాగం తయారయ్యాక, మిగతాది తిరగరాసేలోపే దాన్ని విడిగా నాకు పంపు.